హోయ్ ఆన్‌లో పొద్దున 4:45కి ప్రైవేట్ టూర్: ఇరవై వేలు పెట్టొచ్చా?

కందుకూరోడు
ఫిబ్రవరి రెండో వారంలో వియత్నాం వెళ్తున్నాం. నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ళ పాప, డెబ్బై ఒకటి నిండిన నాన్న. దానాంగ్‌లో దిగి హోయ్ ఆన్‌లో నాలుగు రాత్రులు ఉంటాం. అక్కడి గైడ్ ఒకతను ప్రైవేట్ టూర్ ప్లాన్ పంపాడు. పొద్దున 4:45కి హోటల్ ముందు కారు. చేపల రేవు, కుండలు చేసే ఊరు, వడ్రంగుల ఊరు, ఆకుకూరల ఊరు, చివర్లో మనచేత ఒక లాంతరు కట్టిస్తారట. పదకొండుకల్లా మళ్ళీ హోటల్‌కి. నలుగురికీ కలిపి 220 డాలర్లు, అంటే దాదాపు ఇరవై వేలు.

దీని మీద ఇంట్లో వారం నుంచి గొడవ. "ఏడాది పొడుగునా స్కూల్ బస్సు కోసం ఐదింటికి లేస్తున్నా, సెలవుల్లో కూడా లేపితే నేను రానే రాను" అంటుంది మా ఆవిడ. నాన్నకి ఏ ఇబ్బందీ లేదు, ఆర్టీసీలో ఫస్ట్ బస్సు నడిపిన మనిషి, ఇప్పటికీ మూడున్నరకే లేచి కూర్చుంటారు. పాపని ఇంకా అడగలేదు.

నిజంగా అంత పొద్దున్నే వెళ్ళాలా? ప్రైవేట్‌గానే వెళ్ళాలా? నాన్న గుడ్డు కూడా ముట్టరు, తిండి సంగతేంటి? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

నిద్రే_సుఖం
అక్కడ 4:45 అంటే మన గడియారంలో 3:15. దాన్ని పొద్దున అనరండీ, అర్ధరాత్రి అంటారు. నా ఓటు వదినగారికే.

చక్రాల_చెప్పులు
220 డాలర్లా! అన్నా, హోయ్ ఆన్ అరచేయంత ఊరు. పాత ఊరి నుంచి కుండల ఊరు థాన్ హా మూడు కిలోమీటర్లు పడమరకి. ఆకుకూరల ఊరు ట్రా క్వే మూడు కిలోమీటర్లు ఉత్తరానికి, సముద్రం వైపు. వడ్రంగుల ఊరు కిమ్ బాంగ్ నదికి అవతల లంకలో, వంతెన ఉంది. చాలా హోటళ్ళలో సైకిళ్ళు ఊరికే ఇస్తారు. నేను 2023లో మూడు ఊళ్ళూ సైకిల్ మీదే తిరిగాను. థాన్ హాలో టికెట్ 35 వేల డాంగ్, అంటే మన నూట పాతిక. దానికి తోడు మట్టి పీక ఒకటి చేతిలో పెట్టారు, కోడో పందో తేలలేదు కానీ బాగా మోగుతుంది.

దారంతా చదును, ఎత్తుపల్లాలు లేవు. మీ పాప కూడా తొక్కేస్తుంది.

కందుకూరోడు
@చక్రాల_చెప్పులు పాప తొక్కుతుంది, నేనూ తొక్కుతా. నాన్నకి మోకాళ్ళు. అదే చిక్కు.

లక్ష్మీకాంతం_టీచర్
మేం రిటైరైన టీచర్లం పన్నెండు మందిమి కిందటేడు గుంపు బస్సులో వెళ్ళాం. కుండల ఊరికి చేరేసరికి పదిన్నర. మా ముందు రెండు బస్సులు. ఒక పెద్దావిడ కుమ్మరి సారె ముందు కూర్చుని ఉంది. ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని, చేతులు పట్టి గిన్నె చేయించి, ఫోటో అయ్యాక ఆ మట్టిని మళ్ళీ ముద్దగా కలిపేస్తోంది. నేను అరగంట చూశాను. ఆవిడ ఒక్క కుండ కూడా తీయలేదు. తీయడానికి ఖాళీ ఏదీ? మా బళ్ళో ఇన్‌స్పెక్షన్ రోజు పాఠం చెప్పినట్టు ఉంది.

కాబట్టి పొద్దున్నే అన్న మాటలో అర్థం ఉంది. అయిదు ఊళ్ళు అన్న మాటలో లేదు.

కెమెరా_కన్ను
ఫిబ్రవరిలో అక్కడ తెల్లారేది ఆరు దాటాకే. 4:45కి బయలుదేరితే కుండల ఊరు చీకట్లో చూడాలి. ఆ టైం ఒక్క చేపల రేవు కోసమే. దుయ్ హై రేవు అయి ఉంటుంది, నదీముఖం దగ్గర. రాత్రి వేటకెళ్ళిన పడవలు తెల్లారేలోపు వస్తాయి, ఒడ్డున శంకు ఆకారపు నాన్ టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు బుట్టలతో కాచుకుని ఉంటారు. తలకి కట్టుకున్న లైట్ల వెలుగులోనే బేరాలు, తూకాలు, తిట్లు. ఫోటోలు తీసేవాడికి అంతకు మించిన చోటు లేదు. కానీ కాళ్ళ కింద చేపల నీళ్ళు, తోపులాట. అడ్డంగా నిలబడితే బుట్టతో పొడిచి మరీ తప్పిస్తారు, నాకు నడుం మీద రెండు పడ్డాయి. గుడ్డు ముట్టని పెద్దాయన్ని అక్కడికి తీసుకెళ్ళకండి దయచేసి.

నిద్రే_సుఖం
చేపల రేవు తీసేస్తే వదినగారికి ఇంకో గంట నిద్ర. కేసు గెలుస్తున్నాం.

ఫ్రిస్కో_ఫణి
ప్రైవేట్ టూర్ అనగానే నమ్మొద్దు. మేం డాలస్ నుంచి వెళ్ళినప్పుడు వేరే ఊళ్ళో "పట్టు పల్లె ప్రైవేట్ టూర్" అని తీసుకున్నాం. పల్లె లేదు, ఏమీ లేదు. హైవే పక్కన ఏసీ హాలు. గుమ్మంలో ఒక జల్లెడలో నాలుగు పట్టుపురుగులు, ఒక మూల మగ్గం, దాని ముందు యూనిఫాం వేసుకున్న అమ్మాయి. మేం లోపలికి రాగానే నేయడం మొదలుపెట్టింది, దాటగానే ఆపి ఫోన్ తీసింది! ఏడు నిమిషాల్లో "సంస్కృతి" అయిపోయింది. తర్వాత గంటన్నర బట్టల దుకాణంలో. గైడ్ బయట కుర్చీలో కాఫీ తాగుతూ కూర్చున్నాడు. కమీషన్ అని వేరే చెప్పాలా? మా అత్తగారు నాలుగు స్కార్ఫులు కొన్నారు, ఇంటికొచ్చి ఒక పోగు కాల్చి చూస్తే ప్లాస్టిక్‌లా ముడుచుకుపోయింది.

డబ్బు కట్టకముందే గైడ్‌ని ఒక్కటి అడగండి: "మధ్యలో ఏ దుకాణం దగ్గరైనా ఆపుతావా?" సూటిగా జవాబు రాకపోతే వదిలేయండి.

చిక్కడపల్లి_చిన్నోడు
పోగు కాల్చేది కొన్నాక కాదు అన్నా, కొనేటప్పుడు 😄

ఫ్రిస్కో_ఫణి
@చిక్కడపల్లి_చిన్నోడు ఆ మాట మా అత్తగారితో నువ్వే చెప్పు, నంబర్ ఇస్తా.

పప్పన్నం_ప్రసాద్
తిండి సంగతి నేను చెప్తా. అక్కడ శాకాహారానికి మాట "చాయ్". అవును, చాయే. "తోయ్ ఆన్ చాయ్" అంటే "నేను శాకాహారిని". మొదటి రోజు నేను టీ అనుకుని చాయ్ చాయ్ అని అడుగుతుంటే టోఫూ తెచ్చి పెట్టారు. చంద్రమానంలో పాడ్యమికీ పౌర్ణమికీ అక్కడ బౌద్ధులు చాలామంది చాయ్ తింటారు కాబట్టి "కామ్ చాయ్" అని బోర్డున్న చిన్న హోటళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి. "బాన్ మీ చాయ్", అంటే మాంసం లేని బ్రెడ్ శాండ్‌విచ్, కూడా దొరుకుతుంది.

అసలు ప్రమాదం చేపల సాస్. "నువోక్ మామ్" అంటారు. మాంసం వేయకు అంటే వేయరు, కానీ ఇది మాంసం కాదు కదా అని వేసేస్తారు. మనం సాంబార్లో ఇంగువ వేసినట్టు. "నువోక్ మామ్ వద్దు" అని విడిగా చెప్పాలి. ప్రైవేట్ గైడ్ ఉంటే అతనే చెప్తాడు, నా దృష్టిలో గైడ్‌కి ఇచ్చే డబ్బులో సగం దీనికే.

ఇంకోటి. "సిన్ చావ్" అంటే నమస్కారం. పొద్దున్నే ఎదురొచ్చి చావ్ చావ్ అన్నారని పెద్దాయన కంగారు పడకుండా ముందే చెప్పి ఉంచండి.

హనోయి_మనోడు
ఇక్కడ నాలుగేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నా, రెండు విషయాలు.

ఒకటి, తేదీలు. ఈ 2026లో టెట్, అంటే వీళ్ళ కొత్త సంవత్సరం, ఫిబ్రవరి 17న. మీరు రెండో వారం అంటున్నారు కాబట్టి సరిగ్గా దానికి ముందు. ఒక రకంగా అదృష్టవంతులు. టెట్ తర్వాత వారం పైగా ఏ సారే తిరగదు, ఏ మగ్గమూ ఆడదు, సగం హోటళ్ళు మూతబడతాయి. టెట్ ముందు మాత్రం దేశమంతా పనిలో మునిగి ఉంటుంది. ఈ-వీసా మాత్రం ఇప్పుడే పెట్టేయండి, పండగ దగ్గరపడితే ఆఫీసులు కదలవు. ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు, తొంభై రోజుల దాకా ఇస్తారు.

రెండు, హనోయి కూడా వస్తుంటే క్వాంగ్ ఫూ కావ్ చూడండి. ఊరికి దక్షిణాన 35 కిలోమీటర్లు, అగరబత్తి పుల్లల ఊరు. వెదురు చీల్చి, ఎర్రరంగులో ముంచి, కట్టలు కట్టి, ఒక్కో కట్టని పువ్వులా విచ్చి ఎండబెడతారు. వాకిలి నిండా ఎర్ర పూలు పూసినట్టు ఉంటుంది. ఎండ లేకపోతే ఏమీ పరవరు, అది చూసుకుని వెళ్ళండి.

మనకి చెప్పుకోవాల్సిన ముచ్చట వేరే ఉంది. మన ఇళ్ళల్లో దేవుడి ముందు వెలిగించే బత్తీల్లో పుల్ల చాలా ఏళ్ళు ఎక్కువగా బయటి దేశాల నుంచే, వియత్నాం నుంచి కూడా, వచ్చేది. 2019 ఆగస్టులో భారత ప్రభుత్వం అగరబత్తి దిగుమతుల మీద ఆంక్షలు పెట్టింది, 2020లో వెదురు పుల్లల మీద సుంకం 10 నుంచి 25 శాతం చేసింది. అక్కడి మన పరిశ్రమని నిలబెట్టడానికే, తప్పనట్లేదు. ఆ ఊళ్ళో ఒక ముసలాయన నేను ఇండియా అనగానే "మీరే కదా కొనడం మానేసింది" అన్నట్టు ఏదో అని టీ పోశాడు. ఇప్పుడు అక్కడ కొందరికి ఎర్ర కట్టల మధ్య నిలబెట్టి ఫోటోకి డబ్బు తీసుకోవడమే వ్యాపారం. కట్టల్ని దేశపటం ఆకారంలో పేర్చి పెడతారు, పైన ఎక్కడానికి నిచ్చెన కూడా ఉంటుంది.

చక్రాల_చెప్పులు
అదే నేననేది. డబ్బు తీసుకుని నిచ్చెన ఎక్కించేదాన్ని సంస్కృతి అంటారా? పొద్దున వెళ్ళినా మధ్యాహ్నం వెళ్ళినా నాటకం నాటకమే.

మగ్గం_గుంట
నేను పోచంపల్లి పిల్లని. ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం, కానీ మా అమ్మావాళ్ళ ఇంట్లో ఇప్పటికీ గుంట మగ్గం ఆడుతోంది. @చక్రాల_చెప్పులు గారు, నాటకం అన్నారు కాబట్టి ఇంటి లోపలి నుంచి చెప్తా.

2021లో మా ఊరికి ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామం అని గుర్తింపు ఇచ్చింది. (మీరు చెప్పే ట్రా క్వేకి అదే గుర్తింపు 2024లో వచ్చింది, అందుకే ఈ పోస్టు చదివా.) అప్పటి నుంచి ఆదివారాలు జనం ఎక్కువయ్యారు. పదకొండింటికి వస్తారు. నాన్న గుంటలో కూర్చుని ఉంటాడు. "అంకుల్, ఒకసారి ఆపి ఇటు చూడండి" అంటారు. ఆపుతాడు. పోగు తెగితే అతకడానికి పట్టే టైం వాళ్ళకి తెలీదు కదా. చిటికి కట్టిన (రంగు వేసేముందు అక్కడక్కడా బిగించి కట్టిన) నూలుని చూసి "ఇదేంటి ముడులు పడిపోయింది" అన్నవాళ్ళు ఉన్నారు. ఆ ముడులే డిజైన్!

పొద్దున ఆరింటికి ఎవరైనా వచ్చి అరుగు మీద కూర్చుంటే మాకేం నొప్పి ఉండదు. అమ్మ పని చేసుకుంటూనే మాట్లాడుతుంది, చెయ్యి ఆగదు. వచ్చినవాళ్ళు కూడా గొంతు తగ్గించి మాట్లాడతారు, ఎందుకో తెలీదు, పొద్దున్న పూట అంతే. పదకొండింటికి వచ్చినవాళ్ళకి చూపించాలి. ఆరింటికి వచ్చినవాళ్ళు చూస్తారు. తేడా మాకు తెలుస్తుంది.

నాటకం ఆడించేది మేం కాదు, టైం.

లక్ష్మీకాంతం_టీచర్
@మగ్గం_గుంట బాగా చెప్పావమ్మా. నేను చెప్పిన కుండలావిడ సంగతీ అదే.

చక్రాల_చెప్పులు
@మగ్గం_గుంట ఒప్పుకున్నా. నాటకం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. 220 మాత్రం ఎక్కువే.

మగ్గం_గుంట
ఎక్కువో తక్కువో కాదు, అందులో కుండలావిడకి ఎంత వెళ్తుందో గైడ్‌ని అడగండి. మా ఊరికి వచ్చే కార్ల టూర్లు మనిషికి వేలల్లో తీసుకుంటాయి. మా ఇంట్లో గంట కూర్చున్నందుకు మాకు వచ్చింది ఒక "థాంక్స్ ఆంటీ". అదీ కొందరే.

హనోయి_మనోడు
ధర గురించి ఇంకో మాట. ఏడు సీట్ల కారు, డ్రైవరు, ఇంగ్లీషు వచ్చిన గైడ్, పండగ ముందు రోజులు. ఇక్కడి లెక్కలో 220 దోపిడీ కాదు, అలాగని చవకా కాదు. చోట్లు తగ్గిస్తే ధర కూడా తగ్గించమని అడగండి, తగ్గిస్తారు. బేరం ఆడటం అక్కడ తప్పు కాదు, నవ్వుతూ ఆడాలి. గొంతు పెంచితే పని చెడుతుంది. చివర్లో "కామ్ ఆన్" అనండి, ధన్యవాదాలు అని అర్థం. మనవాళ్ళు మొదట్లో "ఎక్కడికి రమ్మంటున్నాడు" అని అడుగుతుంటారు.

శిలాశాసనం
అందరూ కుండలూ కూరలూ అంటున్నారు, హోయ్ ఆన్ దాకా వెళ్ళి "మీ సన్" అనే పాత గుళ్ళ చోటు చూడకుండా వస్తారా? ఊరికి 40 కిలోమీటర్లు. పొద్దున ఆరింటికి తెరుస్తారు. ఒకప్పుడు మధ్య వియత్నాంని ఏలిన చంపా రాజుల శివాలయాలు, నాలుగో శతాబ్దం నుంచి పదమూడో శతాబ్దం దాకా కడుతూ వచ్చారు. మొదటి గుడి భద్రవర్మ కట్టించాడు, దేవుడి పేరు భద్రేశ్వరుడు. రాజు పేరు కలిపి దేవుడికి పెట్టడం. ఇటుకల మధ్య సున్నం కనిపించదు, ఎలా అతికించారో అని ఇప్పటికీ వాదించుకుంటున్నారు. 1969లో అమెరికా బాంబులకి పెద్ద గోపురం కూలిపోయింది, బాంబు గుంతలు గుళ్ళ పక్కనే గడ్డి మొలిచి ఉంటాయి. మన పురావస్తు శాఖ వాళ్ళు 2017 నుంచి 2022 దాకా అక్కడ మూడు గుంపుల గుళ్ళు బాగుచేశారు. ఆ పనిలోనే 2020లో తొమ్మిదో శతాబ్దపు ఏకశిలా శివలింగం బయటపడింది.

తెలుగువాళ్ళకి ఇంకో తమాషా. ఆ గుళ్ళున్న ప్రాంతానికి చంపా కాలంలో పేరేంటో తెలుసా? అమరావతి. దక్షిణాన ఇంకో ముక్క పేరు పాండురంగ. అదే నలిగి నలిగి ఈనాటి ఫాన్ రంగ్ అయింది.

చిక్కడపల్లి_చిన్నోడు
అమరావతి పేరెత్తకండి బాబూ, థ్రెడ్ రాజకీయాల్లోకి పోతుంది.

నిద్రే_సుఖం
అక్కడి అమరావతి కట్టడం అయిపోయిందా? 🙏

శిలాశాసనం
@నిద్రే_సుఖం అయిపోయి, పాడుపడి, మళ్ళీ బాగుచేయడం కూడా అయింది.

సరే, వృత్తిపనుల మాటే కాబట్టి ఇది కూడా: ఆ ఫాన్ రంగ్ పక్కన బావ్ ట్రుక్ అని చామ్ వాళ్ళ, అంటే ఆ చంపా జనం వారసుల, కుండల ఊరు ఉంది. అక్కడ సారె ఉండదు. కుండ కదలదు, చేసే ఆవిడే దాని చుట్టూ వెనక్కి నడుస్తూ గోడ లేపుతుంది. ఆడవాళ్ళే చేస్తారు, తల్లి నుంచి కూతురికి. ఆవం కూడా ఉండదు, ఆరుబయట కట్టెలూ గడ్డీ వేసి కాలుస్తారు. 2022లో యునెస్కో దీన్ని "తక్షణం కాపాడుకోవాల్సిన" జాబితాలో పెట్టింది. హోయ్ ఆన్‌కి చాలా దూరం, మీ నాలుగు రోజుల్లో కుదరదు. చెప్పకుండా ఉండలేక చెప్పా.

కెమెరా_కన్ను
మీ సన్ ఇంకో పొద్దున పెట్టుకోండి, ఒకే రోజు కలపొద్దు. ఆరున్నరకి అక్కడుంటే కొండల మీద మంచు, గుళ్ళ మధ్య మీరొక్కరే. తొమ్మిదికి బస్సులు దిగుతాయి.

కందుకూరోడు
అందరికీ ధన్యవాదాలు. గైడ్‌తో మాట్లాడా. చేపల రేవు, వడ్రంగులు, లాంతర్లు తీసేయమన్నా. కుండల ఊరు, ఆకుకూరల ఊరు, రెండే. 5:30కి కారు. 140 డాలర్లు అన్నాడు. @ఫ్రిస్కో_ఫణి దుకాణాల సంగతి అడిగితే నవ్వి, "మా పిన్ని కుండల దుకాణం ఉంది, అది కూడా వద్దా?" అన్నాడు. నచ్చాడు. @మగ్గం_గుంట మీ ప్రశ్న కూడా అడిగా. ఒక్కో ఇంటికి ఎంత ఇస్తాడో అంకె చెప్పాడు, దాచలేదు.

మా ఆవిడతో సంధి కుదిరింది. తను కుండల ఊరికి రాదు. తీరిగ్గా లేచి, పాపతో సైకిళ్ళ మీద ట్రా క్వేకి వచ్చి మమ్మల్ని కలుస్తుంది. @చక్రాల_చెప్పులు మీ సలహా అలా సగం పనికొచ్చింది.

చక్రాల_చెప్పులు
సగమైనా పర్లేదు అన్నా, మన థ్రెడ్లలో అదే ఎక్కువ.

పప్పన్నం_ప్రసాద్
వెళ్ళొచ్చాక రాయండి. రాస్తామని మాయమయ్యేవాళ్ళే అందరూ.

కందుకూరోడు
మాయం కాలేదు @పప్పన్నం_ప్రసాద్, రాస్తున్నా. తిరిగొచ్చి మూడు రోజులైంది.

5:30కి తుంపర. కారెక్కగానే నాన్న డ్రైవరు పక్కన కూర్చున్నారు. అక్కడ బళ్ళు కుడివైపు నడుస్తాయి కదా, ప్రతి మలుపులోనూ ఆయన కాలు లేని బ్రేకు తొక్కుతోంది. డ్రైవరు గమనించి నవ్వుతున్నాడు. దారిలో స్కూటర్ల వెనక నారింజలాంటి చిన్న కాయలున్న చెట్లు కుండీలతో సహా పోతున్నాయి. పండక్కి ప్రతి ఇంటికీ ఒకటి కొంటారట.

థాన్ హాలో మేం వెళ్ళేసరికి వీధిలో ఎవరూ లేరు. తడవకుండా కుండల్ని లోపలికి సర్దుకుంటున్నారు. ఒక ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు. ఒకావిడ నిలబడి, ఒక కాలి మీద బరువు ఆనించి, రెండో కాలితో సారెని తోస్తోంది. రెండో ఆవిడ పీట మీద కూర్చుని కుండ తీస్తోంది. కరెంటు మోటారు పక్కనే ఉంది, వాడట్లేదు. అడిగితే, చిన్నవాటికి మోటారు, పండక్కి ధూపం గుచ్చే ఈ కుండలకి కాలే బాగుంటుందని చెప్పింది. తోసే ఆవిడ మధ్యమధ్యలో ఆగేది, ఏ మాటా లేకుండానే. కూర్చున్నావిడ భుజం చూసి ఆగుతుందని గైడ్ చెప్పాడు. అది విన్నాక నేను కుండ చూడటం మానేసి భుజమే చూశాను. దాదాపు గంట కూర్చున్నాం. మమ్మల్ని ఎవరూ సారె మీద చెయ్యి పెట్టమనలేదు. టీ ఇచ్చారు.

ఏడున్నరకి ట్రా క్వే. పాప, మా ఆవిడ అప్పటికే సైకిళ్ళు గట్టుకి ఆనించి నిలబడి ఉన్నారు. మడులు చిన్న చిన్నవి, అన్నీ ఒకే వెడల్పు. తులసిలాంటివి, పుదీనా, ఉల్లికాడలు, పేర్లు తెలీని ఇంకో పది. మట్టి ఇసకలా ఉంటుంది, నదిలో నాచు తెచ్చి కింద పాతిపెడతారు, అదే ఎరువు. నీళ్ళు పెట్టే పద్ధతి చూసి నాన్న ఆగిపోయారు. భుజాన కావిడి, రెండు వైపులా జల్లు మూతి ఉన్న డబ్బాలు, మడి మధ్య నడుస్తూ రెండు చేతులతో రెండూ ఒకేసారి వంచుతారు.

నాన్నది మా కందుకూరు పక్క పల్లె. ఆర్టీసీలో చేరకముందు, పన్నెండేళ్ళ వయసు నుంచి, పొగాకు మొక్కలకి కావిడితో కుండల్లో నీళ్ళు మోశారు. ఆ సంగతి తెలుసు, కానీ ఎప్పుడూ వివరంగా చెప్పింది లేదు. చెప్పులు విడిచి, మడిలోకి దిగి, చెయ్యి చాపారు. అక్కడ నీళ్ళు పెడుతున్న పెద్దావిడ ఒక క్షణం చూసి కావిడి ఇచ్చేసింది. టూర్‌లో అందరికీ ఇస్తారట, రెండడుగులు వేసి ఫోటో దిగి దింపేస్తారు. నాన్న దింపలేదు. రెండు మడులు పెట్టారు. మూడోసారి తొట్టి దగ్గరికెళ్ళి నింపుకుంటుంటే గైడ్ నన్ను చూశాడు, నేను మోకాళ్ళ సంగతి చెప్పబోయి ఊరుకున్నా.

తర్వాత గొడవ మొదలైంది. నాన్న డబ్బా మూతి కిందకి వంచి మొక్క మొదట్లో పోస్తున్నారు, ఆమె ఒప్పుకోలేదు. ఆకు మీద జల్లులా పడాలని ఆమె. "మొదట్లో పోయాలమ్మా, ఆకు మీద పోస్తే ఎలా" అని నాన్న తెలుగులో. ఆమె ఆయన మణికట్టు పట్టుకుని డబ్బా పైకెత్తించింది. ఇద్దరూ ఎవరి భాషలో వాళ్ళు గట్టిగానే మాట్లాడుకున్నారు. గైడ్ అనువాదం చేయబోతే ఇద్దరూ చెయ్యి అడ్డం పెట్టారు. చివరికి ఒక మడి ఆమె లెక్కన, ఒక మడి నాన్న లెక్కన. మేం వెనక్కి తిరగ్గానే నాన్న పోసిన మడికి ఆమె మళ్ళీ పెట్టుకోవడం నేను చూశా, నాన్నకి చెప్పలేదు.

తిండి: ఆ ఇంట్లోనే పుదీనా, టోఫూ, బియ్యప్పిండి అట్టు. చేపల సాస్ వద్దని గైడ్ మూడుసార్లు చెప్పాడు. నాన్న తిన్నారు. కారం లేదన్నారు.

మీ సన్ ఇంకో రోజు వెళ్ళాం, @శిలాశాసనం మీకు విడిగా ఫోటోలు పంపుతా. పానవట్టం దగ్గర నాన్న నిలబడి మనసులో ఏదో చదువుకున్నారు. అక్కడ పూజారీ లేడు, గంటా లేదు.

మగ్గం_గుంట
ఆ మడి సంగతి నాన్నగారికి చెప్పకండి.

లక్ష్మీకాంతం_టీచర్
భుజం చూసి ఆగుతుందన్న ముక్క చదివి, మేం ఆ రోజు ఎన్నింటికి బయలుదేరామో గుర్తు చేసుకుంటున్నాను. బస్సు కదిలిందే తొమ్మిదిన్నరకి. అల్పాహారం హోటల్లో ఫ్రీ అని.

ఫ్రిస్కో_ఫణి
గైడ్ వాళ్ళ పిన్ని దుకాణం?

కందుకూరోడు
@ఫ్రిస్కో_ఫణి వెళ్ళాం. పది నిమిషాలు. రెండు ప్రమిదల్లాంటివి కొన్నాం, ఒకటి పెట్టెలో పగిలింది. పాప మట్టి పీక మాత్రం పగల్లేదు, విమానంలో రెండుసార్లు ఊదింది, మూడోసారికి ఎయిర్‌హోస్టెస్ వచ్చింది.

చక్రాల_చెప్పులు
కోడా, పందా?

కందుకూరోడు
గేదె అంటోంది పాప. వాదించలేదు.

నిద్రే_సుఖం
అసలు విషయం ఎవరూ అడగట్లేదు. వదినగారు ట్రా క్వే రోజు ఎన్నింటికి లేచారు?

కందుకూరోడు
ఆరుంపావుకి. అలారం లేకుండానే. కింద వీధిలో ఎవరో చీపురుతో ఊడుస్తున్న చప్పుడుకి మెలకువ వచ్చిందట.

నిద్రే_సుఖం
అక్కడి ఆరుంపావు అంటే మన 4:45 కదండీ. ఇంట్లో కంటే పావుగంట ముందే లేపేశారన్నమాట.